కుదుపు లేని బండి

మా అత్తయ్య బండి బాగు చేయించమని అడిగిన పూటే నాకు అనుమానం వచ్చింది.

పొద్దున్నే టీ తాగుతూ, నా మొహం చూడకుండా కప్పులోకి చూస్తూ అడిగింది. "అమ్మాయ్, ఆ బండి కుదుపు కాస్త తగ్గే దారేమైనా ఉందేమో ఎవరికైనా చూపించకూడదూ?"

ఆ బండికి కుదుపు ఉందని ఆవిడ నోటివెంట వినడం అదే మొదలు. మామగారు టైల్స్ వ్యాపారం చేసిన రోజుల్లో కొన్న పెద్ద బండి అది. ఎంత ఎత్తంటే, ఎక్కాలంటే చేత్తో పిడినీ మనసులో దేవుణ్ణీ గట్టిగా పట్టుకోవాలి. టైల్స్ పెట్టెల బరువుకి ఆగాలని వెనక చక్రాల దగ్గర బరువు మోసే కమాను పట్టీల కింద ఆయన అదనంగా మరికొన్ని పట్టీలు వేయించారు. మామగారు పోయారు, వ్యాపారం పోయింది, పట్టీలు మాత్రం ఉండిపోయాయి. ఖాళీగా నడిపితే గులకరాయి తగిలినా బండి ఎగిరి పడేది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "కుదిపితేనే తిన్నది అరుగుతుంది" అనేది అత్తయ్య. మా ఆయన ఆ మాట కూడా అనేవాడు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అలాంటిది, కౌన్సిల్ ఎన్నికలు నెత్తిమీదికొచ్చి ఇంట్లో ఎవరికీ ఊపిరి సలపని ఎండాకాలంలో ఆవిడకి బండి కుదుపు గుర్తొచ్చింది.

"ఒంట్లో బాగాలేదా అత్తయ్యా?"

"నాకేం, గుండ్రాయిలా ఉన్నాను. నాతోపాటు పెద్దవాళ్ళు ఎక్కుతుంటారు కదా, పాపం, వాళ్ళ కోసం."

ఆ బండిలో ఆవిడతోపాటు ఎక్కేదాన్ని నేనొక్కదాన్నే. అదీ నడపాలి కాబట్టి.

డ్రైవింగ్ స్కూల్లో ఆడవాళ్ళకి బండి నేర్పడం నా ఉద్యోగం. ప్రచారం కోసం సెలవు పెట్టి అత్తయ్యని తిప్పుతున్నాను. ఆవిడ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. కిందటిసారి మా వైపు వీధులన్నిటి తరఫునా కౌన్సిల్‌కి నిలబడి గెలిచింది. ఈసారి పోటీకి దిగినవాడు గట్టివాడు. ఇటుక బట్టీలున్నాయి కాబట్టి అందరూ ఇటుకలాయన అనే పిలుస్తారు. మా ఆయనది నీటి సరఫరా ఆఫీసులో ఉద్యోగం. సర్కారు ఉద్యోగి ప్రచారం దరిదాపులకి రాకూడదని రూలు. ఆ రూలుని మా ఆయన పాటించినంత ఇష్టంగా ఇంకెవరూ పాటించి ఉండరు. తల్లి రెండోసారి నిలబడటం ఆయనకి మొదటినుంచీ గిట్టలేదు.

షెడ్డుకి తీసుకెళ్ళాను. అక్కడి మెకానిక్‌ని ఊరంతా లూజు మేస్త్రీ అంటారు. బండిలో ఎక్కడ చెయ్యి వేసినా "ఇది లూజైపోయిందమ్మా" అంటాడు, అందుకని. ఆయన ముందు బంపర్ మీద కాలుపెట్టి ఒక తొక్కు తొక్కి వదిలాడు. బండి మూతి పైకీ కిందికీ ఊగుతూ ఎంతకీ ఆగలేదు. వెనక్కి వెళ్ళి అక్కడా తొక్కాడు. గోడని తొక్కినట్టుంది, కాస్తయినా కదల్లేదు.

"ముందు షాకబ్జార్లు చచ్చిపోయాయి. వెనక పట్టీలు మరీ బిగుసుకుపోయాయి. రబ్బరు బుష్‌లు ఎండిపోయి రాయైపోయాయి. టైర్లలో గాలి చూడండి, బంతికి కొట్టించినట్టు కొట్టించారు. ఇన్నేళ్ళూ ఇందులో ఎలా తిరిగారమ్మా?"

"అలవాటైపోయింది."

"మరి ఇప్పుడెందుకు?"

చేతులు గుడ్డతో తుడుచుకుంటున్నాడు గానీ కళ్ళు మాత్రం నా మీదే ఉన్నాయి. ఆయన వెనకాల ఇటుకలాయన తెల్ల వ్యాను బానెట్ తెరుచుకుని నిలబడి ఉంది. దాని తలుపు మీద అతికించిన పోస్టర్లో ఇటుకలాయన చేతులు జోడించి నన్నే చూసి నవ్వుతున్నాడు.

"చేస్తారా లేదా చెప్పండి."

"చెయ్యనని ఎవరన్నారమ్మా? ఎన్నికల్లో పడి పాత బండిని ఎవరూ ముట్టుకోరు కదా, అందుకని అడిగాను. ఇంట్లో ఎవరికన్నా నడుం నొప్పా?"

"ఎవరికీ ఏ నొప్పీ లేదు."

పట్టీలు విప్పాలంటే బండి షెడ్డులో వదిలి వెళ్ళాలట. మాకు సాయంత్రానికే కావాలి. సరే, ప్రస్తుతానికి షాకబ్జార్లు మార్చి గాలి తగ్గిస్తానన్నాడు. చేసి పంపాడు.

మర్నాడు అత్తయ్యని ఎక్కించుకుని బయల్దేరితే, బండి ఎగరడం తగ్గింది కానీ ఊగడం మొదలుపెట్టింది. మలుపు తిరిగినప్పుడల్లా పడవలా ఒక పక్కకి ఒరిగి, లేచి, మళ్ళీ రెండో పక్కకి ఒరిగేది. వెనక మాత్రం యథాప్రకారం దబ్ దబ్‌మని కొడుతూనే ఉంది. మూడు వీధులు తిరిగేసరికి అత్తయ్య ఆపమని సైగ చేసి, దిగి, ఒక ప్రహరీ గోడ పక్కన వాంతి చేసుకుంది. అటుగా పోతున్న ఒకావిడ ఆగి మరీ చూసింది. నాకు ఒళ్ళు మండిపోయి తిన్నగా షెడ్డుకి పోయాను.

మేస్త్రీ బండి కిందికి దూరి చూసి బయటికొచ్చి నెత్తి గోక్కున్నాడు. "అవునమ్మా, ఇవి దీనికంటే చిన్న బండివి. అర్జెంటన్నారని షెడ్డులో ఉన్నవి వేసేశాను. పొరపాటే."

"పొరపాటా, ఎవరైనా వెయ్యమన్నారా?"

ఆయన నా చూపు ఎటు పోయిందో గమనించాడు. తెల్ల వ్యాను ఇంకా అక్కడే ఉంది. "అమ్మా, ఆయన ఇచ్చేది ఆయన బండి పనికి. మీ బండి చెడగొట్టడానికి నాకెవరూ ఏమీ ఇవ్వలేదు. నా చేతకానితనానికి ఇంకొకళ్ళ పేరు పెట్టకండి."

సరైనవి తెప్పించి వేస్తానన్నాడు. నేను నమ్మినట్టూ నమ్మనట్టూ తలాడించి వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఈ గోలంతా చెబుతుంటే, మా ఆయన ఉన్నట్టుండి నోరు విప్పాడు. "వెనక బరువు లేకే అది కొడుతోంది. నాన్న పెట్టెలు వేసేవాడు కాబట్టి బాగా నడిచేది. మేస్త్రీ పట్టీలు విప్పేదాకా నాలుగు ఇసుక బస్తాలు వేసుకోరాదూ?"

ఆయన ఆ బండి గురించి అంత పొడుగు మాట మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మాట్లాడటమే కాదు, మర్నాడు పొద్దున్నే ఎదురుగా ఇల్లు కడుతున్నచోట అడిగి ఇసుక నింపుకుని, బస్తాలు తానే మోసుకొచ్చి వెనక సర్దాడు. మురికి కనబడకూడదని వాటి మీద పాత దుప్పటి కూడా కప్పాడు. నడిపి చూస్తే నిజంగానే మేలనిపించింది. అత్తయ్య కొడుకు వైపు చల్లగా చూసింది. నాకు మాత్రం, పదేళ్ళుగా కిటికీలోంచి బయటికి చూసిన మనిషికి ఇప్పుడు బండి లోపల ఏం కనబడిందా అనిపించింది. అనిపించినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ వారంలోనే బజారు మలుపులో ఎన్నికల తనిఖీవాళ్ళు మమ్మల్ని ఆపారు.

"బండిలో జనానికి పంచడానికి సామాను ఉందని కబురొచ్చింది మేడమ్. వెనక తలుపు తీయండి."

తీశాను. తనిఖీ అధికారి దుప్పటి పట్టుకుని లాగాడు. బస్తాలు ఉబ్బుగా, మూతులు బిగించి, చూడగానే ఎవరికైనా అనుమానం వచ్చేటట్టే ఉన్నాయి. ఈలోగా చుట్టూ జనం మూగారు. జనం వెనకనుంచి ఇటుకలాయన మనుషులు ఇద్దరు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు, ముందే చెప్పి పిలిపించినట్టు. అధికారి ఒక బస్తా మూతి విప్పి చెయ్యి పెట్టాడు. పిడికెడు ఇసుక తీశాడు. ఇంకా లోపలికి, మోచేతిదాకా పెట్టాడు. మళ్ళీ ఇసుకే. చివరికి బస్తా మొత్తం రోడ్డు మీద కుమ్మరించాడు.

"ఏమిటిది?"

"ఇసుక" అన్నాను.

జనం గొల్లుమన్నారు. ఎవరో "ఇటుకలాయన మీదికి ఇసుకమ్మ!" అని అరిచారు. అధికారికి కూడా నవ్వొచ్చి, ఆపుకుని, "ఇసుక ఎందుకండీ బండిలో?" అన్నాడు.

"కుదుపు తగ్గడానికి. వెనక బరువుంటే ఎగరదు."

అంతటితో పోతుందనుకున్నాను. కానీ ఫోను పట్టుకున్నవాళ్ళలో ఒకడు గొంతు పెంచాడు. "కుదుపు ఎందుకు తగ్గాలో? అమ్మగారికి ఏమైందో?"

నవ్వులు ఒక్కసారిగా సద్దుమణిగాయి. జనం చూపు వెనక సీటు మీదికి పోయింది. అత్తయ్య కిటికీ అద్దం దించి, "ఏమీ కాలేదు నాయనా. మా కోడలు బండిలో కోడిగుడ్లు పెట్టుకుని తిరుగుతోంది, పగలకూడదని" అంది. మళ్ళీ నవ్వారు. కానీ నేను అద్దంలో చూశాను. నవ్వించిన మనిషి నవ్వడం లేదు. నన్నే చూస్తోంది.

ఇంటి గుమ్మం ముందు దిగేటప్పుడు అడిగింది. "దుప్పటి కింద ఏముందో మన ముగ్గురికీ, మేస్త్రీకీ తప్ప ఎవరికి తెలుసు?"

"మేస్త్రీకి కూడా తెలీదు అత్తయ్యా. నేను చెప్పలేదు."

"మరింకేం, మన ముగ్గురమే" అంది.

అప్పట్నుంచి నేను అద్దంలోంచి ఆవిడని గమనించడం మొదలుపెట్టాను. మా వీధుల్లో గుంతలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. గుంత ఇంకా కాస్త దూరం ఉండగానే, సీటుకి అటూ ఇటూ రెండు చేతులూ ఊనుకుని ఒంటిని పైకి లేపుకునేది. బండి దిగబడి లేచాక మెల్లగా కూర్చునేది. ఆ కాసేపు పెదాలు తెల్లబడేవి. మరుక్షణం కిటికీలోంచి ఎవరికో చెయ్యి ఊపేది.

ఒక మధ్యాహ్నం పాల డిపో ముందు మీటింగు. బండి ఆపాను. అత్తయ్య దిగలేదు.

"తలుపు ఇరుక్కుంది చూడు" అంది.

నేను చుట్టూ తిరిగి వచ్చి తలుపు పట్టుకున్నాను. వేలు తగిలించగానే తెరుచుకుంది. లోపల ఆవిడ రెండు కాళ్ళూ బయటికి పెట్టి, దిగలేక, అలాగే కూర్చుని ఉంది. నుదుటి మీద చెమట. దగ్గరికి జరిగి వంగాను. ఆవిడ రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసింది. ఎత్తి దింపాను. అంత గంభీరమైన మనిషి ఎంత తేలిగ్గా ఉందో.

"వెన్నుపూస ఒకటి నలిగింది" అంది నా చెవిలో, ఆసుపత్రిలో పేషెంటు గురించి డాక్టరుకి చెప్పినట్టు. "నీళ్ళ బకెట్ ఎత్తాను. నా తప్పే. ఎముకలు గుల్లబారాయని నాకు ముందే తెలుసు."

"పడుకోవాలి కదా అత్తయ్యా!"

"ఓట్లు పడ్డాక పడుకుంటా. ఎవరికీ చెప్పకు. వాడికి అసలే చెప్పకు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు."

"చెప్పను."

జుట్టు సర్దుకుని, నిటారుగా నడిచి వెళ్ళి, నిలబడే మాట్లాడింది. నేను బండికి ఆనుకుని ఆవిడ వీపునే చూస్తూ ఉండిపోయాను.

మర్నాడు ప్రచారానికి సెలవిచ్చి బండిని షెడ్డులో పడేశాను. "పట్టీలు విప్పండి. బుష్‌లన్నీ మార్చండి. దాని అసలు షాకబ్జార్లు వేసేదాకా నేనిక్కణ్ణుంచి కదలను" అన్నాను. మేస్త్రీ ఈసారి ఏమీ అడగలేదు. జాకీ మీద ఎత్తి, వెనక కమాను కట్ట ఊడదీసి, మామగారు వేయించిన పట్టీలు ఒక్కొక్కటే నేల మీద పరిచాడు. మిగిలినవాటికి గ్రీజు పూసి బిగించాడు. కొత్త బుష్‌లు ఎక్కించాడు. టైర్లలో గాలి బరువుకి తగినంతే కొట్టాడు. వెనక సీటు కింద స్పాంజి చచ్చిపోయి ఉంటే, పక్క కొట్టువాణ్ణి పిలిచి అదీ మార్పించాను.

ఆ బండేనా ఇది అనిపించింది. గుంతలో దిగేటప్పుడు ఊఁ అనేది, లేచేటప్పుడు ఆఁ అనేది, అంతే. వెనక సీట్లోంచి అత్తయ్య, "ఇన్నాళ్ళూ నువ్వే సరిగ్గా నడిపేదానివి కాదన్నమాట" అంది. అది ఆవిడ కృతజ్ఞత. ఆ నాలుగైదు రోజులూ మా ఇద్దరికీ పెళ్ళైన కొత్తలో కూడా లేనంత స్నేహం. గుంత వస్తే నేను "ఊఁ" అనేదాన్ని, ఆవిడ చేతులు ఊనుకునేది. ఎవరైనా వింటే పాటేమో అనుకునేవారు.

ఆ తర్వాత ఇటుకలాయన బజారులో మీటింగు పెట్టాడు. మైకు మా వీధిదాకా వినబడింది. నేనూ అత్తయ్యా వరండాలో ఉన్నాం.

"ఆవిడంటే నాకు గౌరవమే. కానీ దగ్గితే వెన్నుపూస విరిగే మనిషి మన వీధుల బరువు ఎలా మోస్తుంది? అడగండి, కాదనమనండి! బండిలో ఇసుక ఎందుకో ఇప్పుడు తెలిసిందా?"

అత్తయ్య లేచింది. లేవడానికి నేను చెయ్యి అందిస్తే తీసుకోలేదు.

"నేనెవరికీ చెప్పలేదు" అన్నాను.

"నిన్నేమీ అడగలేదే."

"అత్తయ్యా, ఒట్టు."

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు. అద్దె కారు మాట్లాడతాను. స్కూల్లో నీ పని పాడవుతోంది కదా." గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

వీధిలో వాళ్ళకి మేమేమీ చెప్పకుండానే అంతా తెలిసిపోయింది. కోడలే గుట్టు అమ్మేసింది అన్నారు. మరి బండి నడిపేది ఆవిడే కదా. షెడ్డులో పొద్దంతా కూర్చుంది, పక్కనే ఎవరి వ్యాను ఉందో చూశారా? పాల డిపో దగ్గర నేను వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి. నేను మేస్త్రీని అనుమానించాను, ఊరు నన్ను అనుమానించింది. ఇంట్లో మా ఆయన తల వంచుకుని తినేవాడు. "నువ్వు చేసుండవని నాకు తెలుసు" అన్నాడు ఒకసారి. ఆ మాటకి నాకు కన్నీళ్ళొచ్చాయి. ఈయనొక్కడైనా నమ్మాడు కదా అనుకున్నాను.

ఒకరోజు ఆయన స్కూటర్ మొరాయిస్తే, ఆఫీసు దగ్గర నేను దింపుతానన్నాను. చాన్నాళ్ళకి ఆ బండెక్కాడు. పక్క సీట్లో కూర్చుని, అలవాటు ప్రకారం కిటికీలోంచి చూస్తున్నాడు. లైబ్రరీ ముందు పెద్ద గుంత ఉంది. బండి అందులో దిగి మెత్తగా లేచింది.

"బాగా చేశాడే" అన్నాడు. "ఇందులోనైతే అమ్మకి ఆ నడుం దగ్గర పూసకి అస్సలు తగలదు. ఆ అద్దె కారెందుకో."

నేను గేరు మార్చాను. ముందు సైకిల్ పోతోంది, దాన్ని పోనిచ్చాను.

"నడుం దగ్గరని ఎవరు చెప్పారు?"

"ఏం?"

"మైకులో వెన్నుపూస అన్నారు. ఏ పూసో అనలేదు. నాకే అత్తయ్య ఏదో చెప్పలేదు."

ఆయన కిటికీలోంచి కూడా చూడలేదు. తన చేతులకేసి చూసుకున్నాడు. నేను బండి పక్కకి ఆపలేదు, అరవలేదు. ఆఫీసుదాకా అదే వేగంతో పోయాను. గేటు ముందు ఆపాక, ఇంజన్ ఆగకుండానే చెప్పాడు.

"వంటింట్లో నా ముందే దగ్గింది. బల్ల పట్టుకుని కూలబడింది. ఏం లేదంది. నాన్న కూడా ఇలాగే ఏం లేదు, ఏం లేదు అంటూనే పోయాడు. అమ్మ పనిచేసిన ఆసుపత్రికెళ్ళి, అమ్మని చూసిన డాక్టర్ని అడిగాను. మూడు నెలలు పడుకోకపోతే కాళ్ళు పడిపోవచ్చన్నాడు. నేను చెబితే వింటుందా? ఓడిపోతే ఇంట్లో పడుంటుందనుకున్నాను."

"ఇసుక సంగతీ చెప్పింది మీరేనా?"

"మోసినప్పుడు ఆ ఆలోచన లేదు. తర్వాత తోచింది."

ఆ మాట నిజమో కాదో నాకు ఈ రోజుకీ తెలీదు.

"మరి నా మీద పడితే చూస్తూ ఊరుకున్నారే?"

"నువ్వు తట్టుకుంటావులే అనుకున్నాను" అన్నాడు. దిగి తలుపు మెల్లగా వేసి, వెళ్ళిపోయాడు.

అత్తయ్యకి చెప్పాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. చెబితే నా మీద మచ్చ పోతుంది. ఆవిడకి ఉన్న ఒక్కగానొక్క కొడుకూ దూరమైపోతాడు. ఆవిడ అద్దె కారులోంచి సాయంత్రం దిగే తీరు చూశాక, ఆ దెబ్బ కూడా ఆ నడుం మీద వెయ్యలేక ఊరుకున్నాను.

చివరి మీటింగుకి నేను జనంలో వెనకగా నిలబడ్డాను. ఆవిడ మైకు అందుకుని, కుర్చీ అడిగి, అందరి ముందూ కూర్చుంది. అన్ని రోజుల్లో ఆవిడ కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి.

"నిజమే. నా వెన్నుపూస విరిగింది. దగ్గితేనే విరిగింది. దాచాను, ఎందుకంటే మీకు చెబితే ఓటెయ్యరని భయపడ్డాను. ఓట్లయ్యాక పడుకుంటాను. మూడు నెలలు పడుకుని పనిచేస్తాను. పడుకున్నవాళ్ళు మంచం మీంచే అందరి చేతా ఎలా పని చేయిస్తారో ముప్ఫై ఏళ్ళు చూశాను. అది చాలదనుకుంటే ఆయనకే వెయ్యండి, కోపం లేదు. మీ వీధిలో ఏ గుంత ఎంత లోతో మాత్రం ఆయన్ని అడిగి చూడండి. నేను ఒంటితో చెబుతాను."

చప్పట్లు వెంటనే రాలేదు. తర్వాత వచ్చాయి, ఆగలేదు.

గెలిచింది. బొటాబొటీగా గెలిచింది. గుమ్మంలో దండలు దించకముందే మంచమెక్కింది.

ఒకరోజు నేను టిఫిన్ పళ్ళెం తీసుకెళితే, పక్కన కూర్చోమంది.

"చెప్పింది వాడేనని నాకు తెలుసు."

నేను పళ్ళెం కింద పెట్టాను. "ఎప్పట్నుంచి?"

"మైకులో విన్నప్పుడే. నీకు బకెట్ ఎత్తానని చెప్పాను. దగ్గానని తెలిసింది వాడికే."

"అంటే, నన్ను రావద్దన్న రోజే తెలుసా?"

"తెలుసు."

"మరి నన్నెందుకు...?"

ఆవిడ గోడకేసి చూసింది. "ఊరి ముందు ఎవరో ఒకరిని బండి దించాలి కదా అమ్మాయ్. వాణ్ణి దించలేకపోయాను."

ఊరంతా నన్ను చూసి మాటలు ఆపేసిన రోజులు నా కళ్ళముందు తిరిగాయి. ఏడుపు రాలేదు. నేను లేచి, పక్క గదిలో చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న ఆయన్ని పిలిచాను. వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇప్పుడు నాతో అన్న మాట ఈయన ముందు అనండి అత్తయ్యా."

"ఇప్పుడెందుకే..."

"ఇప్పుడే."

చివరికి కొడుకు వైపు చూసి, "నువ్వు చెప్పావని నాకు తెలుసురా. తెలిసే దాని మీద వేశాను" అంది. ఆయన గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు. అమ్మా అనలేదు, క్షమించమనలేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేక, ఇద్దరూ నన్నే చూశారు, ఏదో ఒకటి అని ఆ గదిలోంచి తమని గట్టెక్కించమన్నట్టు. నేనేమీ అనలేదు.

"వారం వారం ఆసుపత్రికి వెళ్ళాలి. ఎవరు తీసుకెళతారు?" అంది అత్తయ్య, నా వైపే చూస్తూ.

"ఆయన" అన్నాను. "నేను స్కూలుకి పోతున్నాను."

"వాడికి ఆ బండి సరిగ్గా రాదే!"

"నేర్చుకుంటారు."

ఆ సోమవారం ఆయన తల్లిని ఎత్తుకుని తెచ్చి వెనక సీట్లో దిండ్ల మధ్య కూర్చోబెట్టాడు. నేను బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాను, స్కూలుకి నడిచే పోదామని. ఆయన క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి ఎగిరి ముందుకు దూకి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ ఉందని ఆయనకి పదేళ్ళుగా తెలుసు. అయినా దాని మీదికి అలాగే పోనిచ్చాడు.

"ఒరేయ్, కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా!"

అత్తయ్య తిట్లు మలుపు తిరిగేదాకా వినబడ్డాయి. మలుపు తిరిగాక, లోపల వాళ్ళేం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు.